పదిహేడో కదలిక

నా ఉద్యోగం ప్రశ్నలు అడగడం. కాన్సర్ వచ్చి కాలికో చేతికో ఆపరేషన్ అయినవాళ్ళు మూడు నెలలకోసారి విశాఖపట్నంలో మా ఆస్పత్రికి వస్తారు. వాళ్ళని ఎదురుగా కూర్చోబెట్టుకుని ముప్పై ప్రశ్నలు అడుగుతాను. మెట్లెక్కగలుగుతున్నారా, బస్సెక్కగలుగుతున్నారా, చెప్పులు మీరే వేసుకుంటున్నారా, స్నానానికి ఎవరైనా సాయం పట్టాలా. ఇబ్బంది లేదంటే ఒక మార్కు. ముప్పైకి ఎన్ని వస్తే ఆ మనిషి బతుకు అంత బాగున్నట్టు. ఈ ప్రశ్నలు ఎక్కడో చలిదేశంలో రాసినవి. తెలుగులోకి దించింది నేనే. తొట్టిస్నానం తీసేసి బాల్చీ, చెంబు పెట్టాను. మంచు తవ్వడం తీసేసి నీళ్ళబిందె మొయ్యడం పెట్టాను. ఆ తెలివికి నన్ను నేను చాలాకాలం మెచ్చుకున్నాను.

ఇందులో చిక్కల్లా ఒకటే, మనవాళ్ళు నిజం చెప్పరు. అబద్ధాలకోరులై కాదు, మర్యాదస్తులై. ప్రాణం కాపాడిన డాక్టరు మొహం మీద బాగాలేదని చెప్పడానికి వాళ్ళకి నోరు రాదు. కుంటుకుంటూ వచ్చి, గోడ పట్టుకుని కూర్చుని, మీ దయవల్ల బాగానే ఉందండి అంటారు. ఆడవాళ్ళయితే ఆ మాట కూడా అనరు, పక్కనున్న మొగుడో కొడుకో వాళ్ళ తరఫున అనేస్తాడు. నేను ఇరవై తొమ్మిది వేస్తాను. వాళ్ళు మళ్ళీ గోడ పట్టుకుని లేస్తారు.

మా సర్జన్ డాక్టర్ జోగారావు గారికి ఆ ఇరవై తొమ్మిదులంటే ఒళ్ళుమంట. "వనజాక్షీ, నువ్వు కొలుస్తున్నది వాళ్ళ కాళ్ళు కాదు, వాళ్ళ మర్యాద" అనేవారు. ఆ మంటతోనే ఆయన ఆరేళ్ళు పైఅంతస్తులోని ప్రయోగశాలలో కూర్చుని ఆరాపట్టీ తయారుచేశారు.

మొదట దాన్ని నా కాలికే కట్టారు. నాలుగు వేళ్ళ వెడల్పు బట్టపట్టీ, తొడ చుట్టూ బిగుతుగా. చెవి వెనక బొట్టుబిళ్ళంత అతుకు ఒకటి. కాలు కదపకుండా, బల్ల కింద ఉన్న చెప్పు వేసుకోవాలనుకోమన్నారు. అనుకున్నాను. తెర మీద రెండు గళ్ళున్నాయి. అడిగినవి అన్న గడిలో ఒకటి పడింది. జరిగినవి అన్న గడిలో సున్నా అలాగే ఉంది.

"నీ మనసు కాలిని అడిగింది, కాలు చెయ్యలేదు" అన్నారాయన. "ఆ రెండింటికీ మధ్య ఉన్నదే లోటు. ఇంక వీళ్ళని నోటితో అడగక్కర్లేదు."

నిజంగానే అక్కర్లేకపోయింది. రెండు వారాలు కట్టి పంపిస్తే చాలు, ఆ మనిషి రోజుకు ఎన్నిసార్లు ఏం చెయ్యబోయి ఆగిపోయాడో పట్టీ చెప్పేసేది. ఇరవై తొమ్మిది మార్కుల మనుషులు లోపల ఎంత లోటు మోస్తున్నారో చూసి నాకు తల తిరిగింది. ప్రతి అడగడానికీ ఒక గీత ఉండేది. ఆ గీతని చూసి అది మెట్టెక్కడమా, గొంతుక్కూర్చోవడమా, పక్కకి ఒత్తిగిలడమా అని చెప్పడం నా పని. ఆరునెలల్లో నేను గీతలు చదవడంలో ఆరితేరిపోయాను. ఆరితేరానని అనుకున్నాను.

సన్యాసమ్మ మాకు వచ్చింది ఆ ఏడాది ఫిబ్రవరిలో. భీమిలి మనిషి, యాభైరెండేళ్ళు. భర్త పోయి చాలాకాలమైంది, కూతురి, అల్లుడి దగ్గరే ఉంటోంది. కుడికాలి మోకాలి కింద ముంగాలి ఎముకలో గడ్డ. అల్లుడు ఆటో నడుపుతాడు, అతనే తీసుకొచ్చాడు. కాయితాలు నింపుతూ, ఏం పని చేస్తారావిడ అని నేను అతన్ని అడిగాను. ఆవిడ నా ఎదురుగానే కూర్చునుంది. అయినా అతన్నే అడిగాను. "ఇంట్లోనే ఉంటాదండి" అన్నాడు. గృహిణి అని రాశాను. నా పదిహేనేళ్ళ ఉద్యోగంలో ఆ మాట కొన్ని వేలసార్లు రాసి ఉంటాను.

జోగారావు గారు ఆవిడకి రెండు దార్లు చెప్పారు. మోకాలి పైకి కాలు తీసేస్తే జబ్బు తిరగబెట్టే భయం తక్కువ, కట్టుడుకాలితో తొందరగా నడవచ్చు. లేదా చెడిన ఎముక, మోకాలు తీసేసి లోహంతో చేసినవి పెట్టి కాలు నిలబెట్టవచ్చు. అప్పుడు కండ కొంత పోతుంది, నడక ఆలస్యమవుతుంది. సన్యాసమ్మ అంతా విని ఒకే ఒక్క మాట అడిగింది.

"కాలు ఉంచితే, రెండు కాళ్ళూ బారజాపుకుని కింద కూకోగలనా బాబూ?"

ఆయన నవ్వి, నడుస్తావమ్మా, మెట్లెక్కుతావు, గుడికెళ్తావు, కింద మాత్రం కూర్చోకు, లేవడంలో పడ్డావంటే మళ్ళీ మొదటికొస్తుంది అన్నారు. ఆవిడ కాసేపు తన కాలివైపు చూసుకుంది. తరవాత ఉంచీమంది. ఆవిడ అడిగినదానికి మేం జవాబు చెప్పలేదని అప్పుడు మా ఇద్దరిలో ఎవరికీ తోచలేదు. నడక గురించి చెప్పాం. అదే పెద్ద విషయం అనుకున్నాం.

ఆపరేషన్ బాగా జరిగింది. మే నెలలో చేతికర్రతో వచ్చింది. ముప్పై ప్రశ్నలకీ "ఏటీ ఇబ్బంది నేదమ్మా" అంది. బిందె గురించి అడిగినప్పుడు మాత్రం అల్లుడు మొయ్యనివ్వడంలేదని చెప్పింది. ఇరవై తొమ్మిది వేశాను. జూన్‌లో మళ్ళీ పిలిపించి రెండు కాళ్ళకీ ఆరాపట్టీ కట్టాం.

రెండు వారాల తరవాత గీతలు తెర మీద పరిచాక మేమిద్దరం మొహమొహాలు చూసుకున్నాం. నడక, మెట్లు, లేవడం, కూర్చోవడం అన్నీ బాగున్నాయి, ఆవిడ వయసుకి చాలా బాగున్నాయి. లోటంతా ఒక్కచోటే ఉంది. మా దగ్గర పదహారు రకాల కదలికలకి పేర్లున్నాయి, ఆ గీత వాటిలో దేనికీ సరిపోలేదు. రెండు కాళ్ళూ ఒక్కసారే బారజాపు. పాదాలు రెండూ దగ్గరికి. మోకాళ్ళు కొంచెం ఎడం. ఆ మీదట ఇరవై నిమిషాలు, అరగంట, సన్నగా, ఆగకుండా ఏదో ఊపులాంటిది. రోజూ పొద్దున్న ఎనిమిదింటికి మొదలు. ఎడమకాలు చేస్తోంది. కుడికాలు చెయ్యలేకపోతోంది. ఉన్న కాస్త కండతో ప్రయత్నించి తిమ్మిరెక్కి, పిక్క పట్టేసి ఆగిపోతోంది.

దానికి పదిహేడో కదలిక అని పేరు పెట్టాం. పేరంటే అంకె, అంతే.

ఏమై ఉంటుందని జోగారావు గారు నన్ను అడిగారు. నడకకి పనికొచ్చేది కాదు, లేవడానికి కాదు, ముప్పై ప్రశ్నల్లో దేనికీ సంబంధించినది కాదు. మంచానికి అలవాటుపడిన మనుషులు ఊరికే కాళ్ళు ఊపుతారు కదండీ, అలాంటిదే అయ్యుంటుందన్నాను. పట్టీ పుస్తకంలో అవసరం లేని కదలిక అని రాసి సంతకం చేశాను. పట్టీలు ఇంకొన్ని వారాలు ఉంచుకోమని చెప్పి పంపించాం. ఫోనెత్తి, పిన్నీ, పొద్దున్న ఎనిమిదింటికి మీరేం చేస్తుంటారు అని అడిగితే సరిపోయేది. అడగలేదు. ఇంక నోటితో అడగక్కర్లేదని మాకు మేమే చెప్పుకున్నాం కదా.

ఇప్పుడు సర్దుబాటు గురించి చెప్పాలి. అదీ జోగారావు గారిదే. లోటుని కొలిచి ఊరుకుంటే ఏం లాభం, తగ్గించాలి కదా అన్నది ఆయన తపన. కాలు చెయ్యలేని పనిని మనసు పదేపదే అడుగుతుంటే నొప్పి పుడుతుంది. ఆస్పత్రి మంచం మీద పడుకోబెట్టి, ఆ అడగడం మొదలైనప్పుడల్లా పట్టీలోంచి ఒక చిన్న ఎదురు అల పంపిస్తే, కొన్నాళ్ళకి మనసు విసిగి అడగడం మానేస్తుంది. రోజుకో గంట, ఆరు వారాలు. కుడిచెయ్యి పోయిన లారీడ్రైవరు ఒకాయన లేని చేత్తో గేరు వెయ్యబోయి రోజుకి వందసార్లు గిలగిల్లాడేవాడు. సర్దుబాటు తరవాత హాయిగా కిరాణాకొట్టు పెట్టుకున్నాడు. ఆయన నవ్వు నేను కళ్ళారా చూశాను. అందుకే దాన్ని తప్పని అనలేను, ఇప్పటికీ.

ఆగస్టులో సన్యాసమ్మ లోటు ఇంకా పెరిగింది. పిక్క నొప్పితో మొహం పీక్కుపోయింది. ఈసారి కూతురు సత్యవేణి తీసుకొచ్చింది. పెళ్ళయిన ఎనిమిదేళ్ళకి నిలిచిన కడుపు, నిండుగా కనిపిస్తోంది. ఎన్నో నెలమ్మా అని కూడా అడిగాను. ఏడు వెళ్ళి ఎనిమిదో నెల అండి అంది. తల్లి ఆ పిల్ల పొట్టవైపు చూసి, చూపు తిప్పేసుకుంది. దిష్టి తగులుతుందని కాబోలు అనుకున్నాను.

సర్దుబాటు గురించి చెప్పాను. నొప్పి పోతుందన్నాను. సత్యవేణి వెంటనే సరేనంది, తల్లి నొప్పి చూడలేకపోతోంది. సన్యాసమ్మ పైటకొంగు వేలికి చుట్టుకుంటూ అడిగింది.

"ఏటి పోతాదమ్మా, అది సేస్తే?"

"ఏం పోదు పిన్నీ. అవసరం లేని కదలిక ఒకటుంది, అదొక్కటే."

"అది పోతే మళ్ళీ రాదేటి?"

"రాకపోతేనే కదా మీకు సుఖం."

ఆవిడ నా వైపు కాసేపు చూసింది. ఏదో చెప్పబోయి, కూతురు మొహం చూసి, నా తెల్లకోటు చూసి ఊరుకుంది. "సదువుకున్నోలు మీరు, మీకు తెలీదేటి" అని వేలిముద్ర వేసింది. నేను ఆ మాటని మెప్పు కింద తీసుకున్నాను.

ఆరు వారాలు రోజూ భీమిలి నుంచి వచ్చింది. అల్లుడు ఆటోలో దింపి వెళ్ళేవాడు. మొదటి వారం మంచం మీద పడుకుని పళ్ళు బిగించేది. పదిహేడో కదలిక మొదలవ్వడం, అల దాన్ని తొక్కిపెట్టడం తెర మీద నాకు కనిపిస్తూనే ఉండేది. మూడో వారానికి నెమ్మదించింది. ఆఖరి రోజు గంటసేపు తెర నిర్మలంగా ఉంది. లోటు సున్నా. జోగారావు గారు అందరికీ కోవా బిళ్ళలు పంచారు. సన్యాసమ్మ ఒకటి తిని, ఇంకొకటి కూతురి కోసం కొంగున కట్టుకుంది.

అది అయిన పది రోజులకి, సెప్టెంబరు ఆఖర్లో, గాజువాకలో మా చెల్లెలింటికి వెళ్ళాను. దాని కూతురికి మగపిల్లాడు పుట్టి పదకొండో రోజు. పెరట్లో నీళ్ళు కాగుతున్నాయి. లాల పొయ్యడానికి ఎవరో పెద్దావిడ వచ్చింది. నేను కాఫీగ్లాసు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను. ఆవిడ చీర మోకాళ్ళ పైకి దోపుకుని, పొట్టి పీట మీద కూర్చుని, రెండు కాళ్ళూ బారజాపింది. పాదాలు రెండూ దగ్గరికి తెచ్చి తలకి ఆనిక చేసింది. మోకాళ్ళు కొంచెం ఎడం చేసి నడుముకి పల్లం చేసింది. పిల్లాణ్ణి ఆ పల్లంలో పడుకోబెట్టి ఒంటినిండా నూనె రాస్తుంటే వాడు కెవ్వుమన్నాడు. ఆవిడ చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. కాళ్ళు మాత్రం సన్నగా, ఆగకుండా, ఉయ్యాల ఊగినట్టు ఊగుతున్నాయి. వాడు ఏడుపు మానేశాడు.

గ్లాసు గడప మీద పెట్టేశాను. నాకు ఆ గీత కంఠతా వచ్చు. దాని ప్రతి మెట్టూ నా కళ్ళ ముందు నడుస్తోంది. మా చెల్లెలు నన్ను చూసి ఏమైందే అంది. ఏం చెప్పను? నన్నూ దాన్నీ అలాంటి కాళ్ళ మీదే పడుకోబెట్టి పెంచారు. ఈ దేశంలో నూటికి తొంభైమంది ఆ కాళ్ళ మీద నుంచి లేచి వచ్చినవాళ్ళే. నేను దానికి అవసరం లేని కదలిక అని పేరు పెట్టాను.

మర్నాడు పొద్దున్నే ప్రయోగశాల తలుపు నేనే తీశాను. సన్యాసమ్మ గీతలన్నీ మళ్ళీ పరిచాను. జూన్ తరవాత మేం చూసింది వారానికెంత లోటు అన్న మొత్తం మాత్రమే. ఈసారి రోజువారీ చూశాను, జరిగినవి అన్న గడి కూడా చూశాను. జూన్ మొదట్లో ఆవిడ కుడికాలిని ఇరవై నిమిషాలు అడిగింది, కాలు ఒక్క క్షణం కూడా చెయ్యలేదు. జులైలో నలభై నిమిషాలు అడిగింది, అరనిమిషం చేసింది. ఆగస్టు వచ్చేసరికి రోజుకి గంటన్నర అడుగుతోంది. ఏడు నిమిషాలు చేసింది. పట్టుతప్పకుండా, ఏడు నిమిషాలు. ఎక్కువ ప్రయత్నించినకొద్దీ అడిగినవి పెరిగాయి, లోటు పెరిగింది, మా పుస్తకంలో ఆవిడ బతుకు దిగజారింది. ఆవిడ బాగుపడుతున్న రోజుల్లోనే మేం ఆవిడకి సర్దుబాటు చేశాం.

సత్యవేణికి ఫోన్ చేశాను. ఏం అడగాలో తెలియక, మీ అమ్మగారు పొద్దున్న ఎనిమిదింటికి ఏం చేసేవారమ్మా అన్నాను. మీరు తిడతారని అమ్మ చెప్పొద్దందండి అంది. ఆ తరవాత మెల్లిగా అంతా చెప్పింది.

"మా అమ్మ భీమిలిలో సగం మందికి లాల పోసిందండి. ముప్పైయేళ్ళు. పురుడైన ఇల్లంటే ముందు మా అమ్మకే కబురొచ్చేది. మీరు కింద కూర్చోకూడదన్నారు కదా, అందుకని దాచేసి చేసేది. గుమ్మానికి తాడు కట్టుకుని దాన్ని పట్టుకుని దిగేది. పాతచీరలు మూట కట్టి, తడిపి, కాళ్ళ మీద పడుకోబెట్టుకుని... నా బిడ్డకి వేరేవాళ్ళు పోస్తే ఒప్పుకోనంది. ఎనిమిదేళ్ళు కాసుక్కూర్చున్నాది కదండి."

"ఇప్పుడు చెయ్యట్లేదా?"

"మానీసిందండి. మూట విప్పీసి చీరలు ఉతికి ఆరేసింది. ఎందుకమ్మా అంటే, ఏటో, బుద్ధి పుట్టడం నేదే అంటాది."

ఫోన్ పెట్టేసి చాలాసేపు ఆ కుర్చీలోనే కూర్చుని ఏడ్చాను. గృహిణి అని రాసిన కాయితం ఎదురుగా ఉంది, నా చేతిరాత గుండ్రంగా, అందంగా ఉంది. మరి ఆవిడ ఎందుకు చెప్పలేదు? నేను ఆవిణ్ణి అడగలేదు గనక చెప్పలేదు. డబ్బు తీసుకోదు గనక అల్లుడికి అది పని కాదు. ఇచ్చినంత బియ్యం, ఒక చీర, ఒక రవికెల గుడ్డ. ఆవిడకీ అది పనిలా అనిపించి ఉండదు. ఊపిరి పీల్చడాన్ని ఎవరైనా పని అంటారా?

జోగారావు గారు వచ్చాక గీతలు చూపించి జరిగింది చెప్పాను. తిరిగి రప్పించే దారి చూడండి అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"మాన్పించడం తెలుసు వనజాక్షీ. అడిగించడం నాకు తెలీదు."

ఆ తరవాత ఇంకో మాట అన్నారు, అది ఇప్పటికీ నన్ను వదలడం లేదు. "ఆవిడకి నొప్పి లేదు. లోటు లేదు. ఆవిడ ఏడవడం లేదు, ఏడుస్తున్నది నువ్వు. మనం కొలవాల్సింది ఎవరి బతుకు?" ఆయన దబాయించడానికి అనలేదు, తెలియకే అడిగారు. ఆ వారమే ఆయన సర్దుబాటు ఆపేశారు. అంతకుముందు చేయించుకున్న పదకొండు మంది పుస్తకాలు తీసి చూశాం. అవసరం లేనివి అన్న మాట ఐదుగురి దగ్గర ఉంది. ఐదింటి కిందా నా సంతకమే.

అక్టోబరు నెలాఖర్లో సత్యవేణికి ఆడపిల్ల పుట్టింది. పన్నెండో రోజు పొద్దున్న భీమిలి వెళ్ళాను. కాలు చూసి వెళ్దామని వచ్చానని చెప్పాను. సముద్రం పక్క సందులో రెండు గదుల ఇల్లు. గుమ్మానికి ఆ తాడు ఇంకా కట్టే ఉంది, చేతులు పట్టి పట్టి ఒకచోట నల్లబడింది. సన్యాసమ్మ వసారాలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చునుంది. ఒళ్ళు చేసింది, మొహం తేటపడింది. నన్ను చూసి సంబరంగా లేచి, కర్ర లేకుండా నాలుగడుగులు నడిచి చూపించింది.

పెరట్లో పక్కింటావిడెవరో పాపకి లాల పోస్తోంది. చేతకాని పొయ్యడం, నాకే తెలుస్తోంది. పాప గుక్కపట్టి ఏడుస్తోంది. సన్యాసమ్మ కుర్చీలోంచి అటు చూసింది. నీళ్ళు వేడెక్కువయ్యాయని ఒకసారి అంది. తరవాత నాకు టీ పెట్టమని కూతురికి పురమాయించింది.

ఉండబట్టలేక ఆవిడ కుర్చీ పక్కన కింద కూర్చుని అంతా చెప్పేశాను. పదిహేడో అంకె, నా సంతకం, ఏడు నిమిషాలు. తప్పు నాదని చెప్పాను. ఆవిడ శ్రద్ధగా వింది. ఊళ్ళో ఎవరికో జరిగిన విషయం చెబితే విన్నట్టు వింది. అంతా అయ్యాక నా తల మీద చెయ్యి వేసింది.

"నొప్పి తగ్గింది కదమ్మా. నువ్వేటి అలా అయిపోతన్నావు."

ఒక్కసారి ప్రయత్నించమని బతిమాలాను. ఆవిడకి అక్కర్లేదు, అయినా నా కోసం సరేనంది. అదీ మర్యాదే. తాడు పట్టుకుని, నేనూ సత్యవేణీ చెరోపక్కా ఆనగా పీట మీదికి దిగింది. కాళ్ళు బారజాపింది. సత్యవేణి ఆరిన తువ్వాలు చుట్టి పాపని ఆ కాళ్ళ మీద పడుకోబెట్టింది. నేను పాదాల వైపు చూస్తున్నాను. అవి దగ్గరికి రాలేదు. చేతులు మటుకు వెళ్ళాయి. పాప ముక్కు సుతారంగా నొక్కాయి, నెత్తిని గుండ్రంగా నిమిరాయి, ముప్పైయేళ్ళ చేతులు. ఆ చేతుల కింద కాళ్ళు రెండు దుంగల్లా ఎడంగా పడి ఉన్నాయి. కుడికాలే కాదు, బాగున్న ఎడమకాలు కూడా. అది మేం చూసుకోలేదు. అడగడం మాన్పించింది కాలి చేత కాదు, మనసు చేత.

పాప తల రెండు పాదాల మధ్య సందులోకి జారింది. సత్యవేణి చప్పున అందుకుని గుండెకి హత్తుకుంది. ఆ పిల్ల కళ్ళు నిండిపోయాయి. తల్లి వైపు చూడలేక, నా వైపు చూడలేక, పాపని ఎత్తుకుని లోపలికి వెళ్ళిపోయింది.

సన్యాసమ్మ తన పాదాల కేసి చూసుకుంది. కాస్త ఆశ్చర్యపడ్డట్టుంది, అంతకన్నా ఏం లేదు. "ఇదివరకు ఇలాగ కాదు కదేటి" అని తనలో తాను అనుకుంది. తరవాత లేవడానికి నాకు చెయ్యి అందించింది.

నవంబరులో మామూలు పరీక్షకి ఆస్పత్రికి వచ్చింది. జబ్బు ఛాయలు ఎక్కడా లేవు. ఎప్పటిలాగే ఆవిణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకున్నాను. కాయితం మీద గృహిణి అన్న మాట కొట్టేసి, పసిపిల్లలకి లాల పోస్తారు అని రాయబోయాను. కలం ఆగిపోయింది. ఇప్పుడు అదీ నిజం కాదు. ఆ గడి ఖాళీగా వదిలేశాను.

ముప్పై ప్రశ్నలూ అడిగాను. బిందె కూడా మోస్తున్నానంది. ఆఖరికి నేనుగా ఒక ప్రశ్న వేశాను. ఇదివరకు చెయ్యగలిగి, ఇప్పుడు చెయ్యలేక బాధపడుతున్నది ఏదైనా ఉందా పిన్నీ అన్నాను. ఆవిడ నిజంగా ఆలోచించింది. కిటికీలోంచి బయటికి చూస్తూ, వెతుక్కుంటున్నట్టుగా, చాలాసేపు ఆలోచించింది.

"ఏటీ నేదమ్మా" అంది.

అంతకుముందు ప్రతిసారీ ఆవిడ నా మొహం చూసి, నా మనసు కష్టపెట్టకూడదని అబద్ధం చెప్పేది. ఈసారి నిజమే చెప్పింది. ముప్పైకి ముప్పై వేశాను.